మధ్య గోడ: ఎగెస్కోవ్ మోడల్ డైరీ

నవంబరు మొదటి వారం

డెన్మార్క్‌లోని ఓడెన్సలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతోంది. కిందటేడాది ఈ చీకటికి చాలా దిగులు పడ్డాను. ఈసారి చలికాలమంతా చేతులకు పని ఉండాలని ముందే అనుకుని ఒకటి మొదలుపెట్టాను: ఎగెస్కోవ్ అనే పాత కోట ఇంటి మోడల్, 1:100 స్కేలులో. అసలు ఇంట్లో మీటరు నా బల్ల మీద సెంటీమీటరు అవుతుంది.

ఎగెస్కోవ్ ఇక్కడికి దగ్గరే. స్వెన్‌బోర్గ్ వెళ్ళే లోకల్ రైలెక్కి క్వేర్న్‌డ్రుప్‌లో దిగితే నడిచి వెళ్ళొచ్చు. ఇక్కడివాళ్ళు ఆ పేరును దాదాపు 'ఈయెస్కౌ' అని పలుకుతారు. ఓక్ అడవి అని అర్థం. పునాదికి ఒక అడవి మొత్తం ఖర్చయిందని, అందుకే ఆ పేరని ఒక కథ చెబుతారు. నిజానికి ఇల్లు కట్టకముందే ఆ ఎస్టేటుకు ఆ పేరుంది. కథ మాత్రం ఊరికే పుట్టలేదు, దాని సంగతి తర్వాత రాస్తాను.

నేను దాన్ని మొదటిసారి జులైలో చూశాను. చెట్లు దాటి ముందుకు రాగానే చెరువు మధ్యలో ఎర్ర ఇటుకల ఇల్లు. గట్టు లేదు, అరుగు లేదు. నీళ్ళలోంచే గోడ లేచింది. మనం చూసిన కందకాలు వేరు. ఓరుగల్లులో కోట నేల మీద ఉంటుంది, కందకం దాని చుట్టూ తిరుగుతుంది. ఇక్కడ ఇల్లే నీళ్ళలో నిలబడింది. ఫోటో తీసి నాన్నకు పంపాను. నాన్న తాపీ మేస్త్రీ. పాలకొల్లు చుట్టుపక్కల నలభై ఏళ్ళు ఇళ్ళు కట్టారు. పది నిమిషాల్లో వాయిస్ మెసేజ్ వచ్చింది: "అమ్మాయ్, ఇల్లు బాగుంది గానీ, దీని పునాది ఎక్కడుందే?"

ఈ మోడల్ మొదలైంది ఆ ప్రశ్నతోనే.

నవంబరు మూడో వారం

ఇంకా కత్తి పట్టలేదు. చదువుతున్నాను, కాగితం మీద గీస్తున్నాను.

ఇల్లు పూర్తయింది 1554లో. కట్టించినవాడు ఫ్రాన్స్ బ్రోకెన్‌హుస్. రాజ్యంలో మార్షల్, అంటే సైన్యాధిపతి పదవి చేసినవాడు. ఎస్టేటు ఆయన భార్య ఆన్నె టిన్‌హుస్ పుట్టింటి నుంచి వచ్చింది. స్వీడన్‌తో జరిగిన యుద్ధంలో, 1569లో వార్‌బెర్గ్ కోట ముట్టడిలో ఆయన చనిపోయాడు.

1554 అనే సంవత్సరాన్ని దానికి ముందు జరిగినవాటి పక్కన పెట్టి చూస్తే ఇల్లు అర్థమవుతుంది. 1533లో రాజు చనిపోయాక, తర్వాత ఎవరు అన్న గొడవ అంతర్యుద్ధమైంది. ఓల్డెన్‌బుర్గ్ కౌంట్ (అదొక దొరల బిరుదు) క్రిస్టోఫర్ ఒకవైపు, మూడో క్రిస్టియన్ అవబోయే డ్యూక్ ఒకవైపు. 1534 నుంచి 1536 దాకా సాగిన ఈ పోరును 'కౌంట్ పోరు' అంటారు. రైతులు తిరగబడి దొరల ఇళ్ళు తగలబెట్టారు. 1535 జూన్‌లో ఓక్స్‌నెబెర్గ్ దగ్గర జరిగిన పెద్ద యుద్ధం ఓడెన్స, ఎగెస్కోవ్ ఉన్న ఈ ఫ్యూన్ ద్వీపంలోనే. అది జరిగి ఇరవై ఏళ్ళు కూడా నిండకుండా ఎగెస్కోవ్ పూర్తయింది. అంటే కట్టించిన తరం వాళ్ళు తమలాంటివాళ్ళ ఇళ్ళు కాలిపోవడం కళ్ళారా చూసినవాళ్ళు.

ఆ కాలపు యూరప్ శైలి అయిన రినైసాన్స్ ఇల్లు అనగానే నాకు పెద్ద పెద్ద కిటికీలు, ఒక వరసలో సమంగా పేర్చిన ముఖభాగం మాత్రమే మనసులో మెదిలేవి. ఈ ఇంట్లో అవన్నీ ఉన్నాయి. వాటి వెనక భయం కూడా ఉంది. మోడల్‌లో రెండూ కనిపించాలి. లేకపోతే చెరువులో అందమైన బొమ్మరిల్లు పెట్టినట్టే ఉంటుంది.

డిసెంబరు

ప్లాను గీయడానికే పదిహేను రోజులు పట్టింది. కారణం ఒకటే: ఇది ఒక ఇల్లు కాదు.

బయటి నుంచి చూస్తే ఒకే భవనంలా ఉంటుంది. కానీ చివరి గోడల వైపు వెళ్ళి చూస్తే పక్కపక్కన రెండు త్రికోణపు శిఖరాలు, రెండు కప్పులు. నిజంగానే అవి రెండు పొడుగాటి ఇళ్ళు, వీపులు ఆనించుకుని నిలబడ్డాయి. రెంటికీ మధ్య మీటరు మించిన మందంతో ఒక జంట గోడ. ఆ గోడ లోపల రహస్య మెట్లు, ఒక బావి. శత్రువు వంతెన దాటి ఒక ఇంట్లోకి జొరబడితే, లోపలివాళ్ళు ఆ ఇల్లు వదిలేసి రెండో ఇంట్లోకి వెళ్ళి అక్కడి నుంచి పోరాటం సాగించొచ్చు. సగం ఇల్లు పోయినా మిగతా సగం కోటగా నిలవాలన్న లెక్కతోనే గీసిన ప్లాను ఇది.

చెరువు మధ్యలో ఉన్న ఇంటికి మళ్ళీ బావి ఎందుకని చాలాసేపు ఆలోచించాను. ముట్టడి పడ్డప్పుడు కిటికీలోంచి చెరువులోకి బొక్కెన దించలేరు కదా. ఒడ్డున తుపాకులు ఉంటాయి. తాగే నీళ్ళు గోడ లోపలే దొరకాలి. నాన్నకు చెబితే, "మంచి బుర్ర ఉన్నవాడే కట్టించాడు" అన్నారు.

అందుకే మోడల్‌ను మధ్య గోడ దగ్గర రెండుగా విడిపోయేలా చేయాలని నిర్ణయించాను. రెండు ఇళ్ళను పక్కకు జరిపితే నడుమ గోడ ఒంటరిగా నిలబడి, లోపలి మెట్లు, బావి గొట్టం కనిపించాలి. అసలు గోడ మీటరుకు పైన కాబట్టి నాది 12 మిల్లీమీటర్లు. మూడేసి మిల్లీమీటర్ల బాల్సా (చాలా తేలికైన కర్ర) చెక్కలు రెండు, వాటి మధ్య ఆరు మిల్లీమీటర్ల ఖాళీ. ఆ ఖాళీలో మెట్లు పట్టించాలి. అట్టముక్కలు కోసి ఒక్కో మెట్టూ పట్టకారుతో పెట్టాను. మొదటి రాత్రి పదకొండు మెట్లు అయ్యాయి.

క్రిస్మస్ భోజనంలో ఆఫీసులో ఒకావిడ ఇంకో కథ చెప్పింది. ఎగెస్కోవ్ కప్పు కింద ఒక చెక్కమనిషి పడుకుని ఉన్నాడట. అతన్ని కదిపితే క్రిస్మస్ రాత్రి ఇల్లు మొత్తం చెరువులో మునిగిపోతుందట. నా మోడల్‌లో చెక్కమనిషి కోసం అగ్గిపుల్ల ఒకటి అప్పుడే పక్కన పెట్టుకున్నాను.

జనవరి

ఇటుకలు.

అక్కడి ఇటుక మన ఇటుక కాదు. 'ముంకెస్టెన్' అంటారు, సన్యాసుల ఇటుక అని. మఠాలవాళ్ళు ఇటుక కాల్చడం నేర్పిన కాలం నుంచి వచ్చిన పెద్ద సైజు. సుమారు 28 సెంటీమీటర్ల పొడవు, 13 వెడల్పు, ఎనిమిదీ తొమ్మిదీ మధ్య ఎత్తు. మన తొమ్మిదంగుళాల ఇటుక పక్కన పెడితే అన్నదమ్ముల్లో పెద్దవాడిలా ఉంటుంది. ఒక వరస ఇటుక, దాని మీద మాలు కలిపితే ఇంచుమించు పది సెంటీమీటర్లు. నా స్కేలులో సరిగ్గా ఒక మిల్లీమీటరు.

ఇది నాకు బాగా పనికొచ్చింది. నా దగ్గర ఇంటి కొలతల డ్రాయింగులు లేవు. జులైలో తీసిన ఫోటోలను పెద్దవి చేసి, గోడ మీద ఇటుక వరసలు లెక్కపెట్టాను. నీటి అంచు నుంచి కిటికీ కింది దాకా ఎన్ని వరసలో అన్ని మిల్లీమీటర్లు. నాన్న కూడా పాత గోడ ఎత్తు అడిగితే టేపు తీయరు, వరసలు లెక్కపెట్టి చెప్పేస్తారు. ఆ అలవాటు నాకు ఇలా వచ్చింది.

గోడలకు ఐదు మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డు తీసుకుని, ఒకవైపు కాగితం పొర ఊడదీసి, ఆ మెత్తటి నురుగు మీద సిరా అయిపోయిన బాల్ పెన్నుతో గీతలు గీశాను. అడ్డంగా మిల్లీమీటరుకొకటి. ఒక్క పొడుగు గోడకే మూడు సాయంత్రాలు పట్టింది.

నాలుగో రోజు పొద్దున చూస్తే గోడ విల్లులా వంగిపోయి ఉంది. ఏడుపొచ్చింది. కారణం తర్వాత తెలిసింది: ఒకవైపే కాగితం ఉండగా దాని మీద నీళ్ళ రంగు పూశాను, కాగితం ఆరుతూ బోర్డును లాగేసింది. రెండో గోడకు రెండువైపులా కాగితం తీసేసి, వెనక బాల్సా బద్దలు అంటించి, ఆ తర్వాతే రంగు వేశాను. అది తిన్నగా ఉంది. ఎవరైనా ఈ పద్ధతిలో చేస్తే ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి.

రంగు ఒకటే ఎరుపు వేయకూడదు. ముందు పలచటి బూడిదరంగు మొత్తం పూసి తుడిచేస్తే గీతల్లో మాలు రంగు నిలుస్తుంది. దాని మీద స్పాంజితో ఎరుపు, ఇటుక రంగు, అక్కడక్కడ నలుపు. నీళ్ళకు దగ్గరగా కొంచెం పచ్చదనం.

ఫిబ్రవరి

పునాది దగ్గరకు వచ్చాను.

ఎగెస్కోవ్ నిలబడింది చెరువు అడుగున దిగ్గొట్టిన ఓక్ దుంగల మీద. చెరువు ఎక్కువలో ఎక్కువ ఐదు మీటర్ల లోతు. అడుగున మెత్తటి మట్టి. దాంట్లో గుంజలు దించి, వాటి మీద ఆ ఎర్ర ఇటుకల బరువంతా మోపారు. పునాదికి అడవి ఖర్చయిందన్న కథ పుట్టింది దీన్నుంచే.

నాన్నతో వీడియోలో మాట్లాడుతూ, దాదాపు 470 ఏళ్ళుగా కర్ర నీళ్ళలో ఉంటే కుళ్ళిపోదా అని అడిగాను. నాన్న ఫోను పట్టుకుని మా ఇంటి వెనక కాలవ రేవుకు నడిచారు. "చూడు తల్లీ, ఈ తాటి దుంగ మీ తాత పాతించింది. ఎక్కడ సన్నబడిందో చూడు." నీళ్ళు పెరిగి తగ్గే చోట దుంగ నడుము సగానికి తరిగిపోయి ఉంది. "అడుగున ఉన్నది ఇనుములా ఉంటుంది. పైనున్నదీ కొంత పర్లేదు. తడిసి ఆరి, తడిసి ఆరి, ఆ మధ్యలోనే చచ్చిపోతుంది కర్ర."

పుస్తకాల్లో ఉన్నదీ అదే. కర్రను తినే బూజుకు తేమ కావాలి, గాలీ కావాలి. నీటి అడుగున మట్టిలో గాలి అందదు. కాబట్టి దుంగ తలలు ఎప్పుడూ నీళ్ళలో మునిగి ఉన్నంత కాలం చాలా నెమ్మదిగా తప్ప చెడవు. వెనిస్ నగరం కూడా ఇలాగే గుంజల మీద నిలబడింది. నీటి మట్టం దిగిపోయి తలలు గాలికి బయటపడితే మాత్రం ప్రమాదం. అంటే ఎగెస్కోవ్‌కు చెరువు ఒకప్పుడు శత్రువుల నుంచి కాపలా, ఇప్పుడు పునాదికి ఆయుష్షు. ఇక యుద్ధాలు లేవు కదా అని ఎవరైనా ఆ నీళ్ళు తోడేస్తే ఇల్లే పోతుంది. ఈ సంగతి తెలిశాక ఆ ఇంటి ఫోటో చూస్తే నా కళ్ళు ముందు గోపురాల మీద కాకుండా నీటి అంచు మీద పడుతున్నాయి.

మోడల్‌లో గుంజలకు అగరుబత్తి పుల్లలు వాడుతున్నాను. ఇంట్లో పూజకు వెలిగించినవి, ఆరిపోయాక దాచినవి. అవి చాలక ఓడెన్సలో ఉన్న తెలుగువాళ్ళ ఇళ్ళ నుంచి కూడా సేకరించాను. ఒక ఆంటీగారు డబ్బా నిండా ఇచ్చారు. ఇప్పటికి 340 పుల్లలు దించాను. అసలు గుంజల వరస ఎలా ఉందో చూసి చేసింది కాదు ఇది. పైన గోడ వెళ్ళే దారి వెంట దట్టంగా, మధ్య గోడ కింద ఇంకా దట్టంగా పెట్టాను. బరువంతా అక్కడే కాబట్టి నాన్న అలా చెప్పారు.

మార్చి

పని తక్కువ జరిగింది. ఒక కథ చదివి కొన్ని రోజులు చేయి ఆడలేదు.

ఫ్రాన్స్ కొడుకు లౌరిడ్స్ బ్రోకెన్‌హుస్. అతని కూతురు రిగ్‌బోర్గ్. రాజుగారి ఆస్థానంలో రాణికి చెలికత్తెగా ఉండేది. ఫ్రెడరిక్ రోసెన్‌క్రాంట్స్ అనే యువకుడితో ప్రేమ. 1599లో పెళ్ళి కాకుండానే కొడుకు పుట్టాడు. తండ్రి రాజు అనుమతి తీసుకుని, కూతుర్ని జీవితాంతం బంధించాలని ఎగెస్కోవ్‌లో ఒక గదిలో పెట్టి, ఆ గదిని గోడతో మూయించాడు. బిడ్డ దూరమయ్యాడు. ఫ్రెడరిక్‌ను తురుష్కుల మీద యుద్ధానికి పంపేశారు, అతను తిరిగి రాలేదు. 1604లో లౌరిడ్స్ చనిపోయాక తల్లి కారెన్ స్క్రామ్ రాజుకు మొరపెట్టుకుని కూతుర్ని బయటకు తెచ్చుకుంది. ఐదేళ్ళు.

తాత శత్రువులు రాకుండా కట్టిన ఇల్లు. చుట్టూ నీళ్ళు, మందపు గోడలు. లోపలికి రానివ్వని ఇల్లు బయటకూ పోనివ్వలేదు. రహస్య మెట్లు అంటించేటప్పుడు ఎంత తెలివిగా కట్టారో అని మురిసిపోయాను. ఇప్పుడు అవే మెట్లు చూస్తుంటే మనసు బరువెక్కుతోంది.

నాన్నకు చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. నెట్ పోయిందేమో అనుకున్నాను. తర్వాత అడిగారు, "ఆ గది గోడ మూసిన మేస్త్రీ ఎవరో? ఆ పిల్ల లోపలుండగానే కట్టాడా?"

నా దగ్గర జవాబు లేదు. నాన్న మళ్ళీ, "నేనైతే కట్టను తల్లీ" అన్నారు.

ఆ వారం ఇంకేమీ చేయలేదు.

ఏప్రిల్ చివర

తోటలు తెరిచారు. శనివారం మళ్ళీ వెళ్ళాను, ఈసారి నోటుబుక్కుతో.

మూడు తప్పులు పట్టుకున్నాను. మొదటిది, కప్పు కింద ముందుకు పొడుచుకొచ్చిన చిన్న చిన్న కమానుల వరస. ఫోటోలో అది అలంకారం అనుకుని పలచగా చేశాను. దగ్గర నుంచి చూస్తే అది కాపలావాళ్ళు తిరిగే దారి. గోడ దగ్గరకు వచ్చినవాడి నెత్తిన మరిగేవి కుమ్మరించడానికి అడుగున రంధ్రాలు. గోల్కొండలో దర్వాజా పైన గైడు చూపించినవే గుర్తొచ్చాయి. రెండోది, మూలల్లో ఉన్న గుండ్రటి గోపురాలు గోడకు ఆని కాదు, బాగా బయటకు వచ్చి ఉన్నాయి. అలా ఉంటేనే అక్కడి నుంచి గోడ పొడవునా పక్కవాటుగా తుపాకీ పేల్చొచ్చు. నేను లోపలికి నొక్కేశాను. రెండూ కోసి మళ్ళీ చేయాలి. మూడోది చిన్నది, మెట్ల గోపురం మీద కిటికీ ఒకటి ఎక్కువ పెట్టాను.

ఒక పెద్ద ప్రశ్న కూడా వచ్చింది. ఇప్పుడు అందరూ ఇష్టపడే ఎత్తైన కోసు గోపురాలు 1554 నాటి రూపం కాదు. 1784లో ఇల్లు బిల్లె కుటుంబం చేతికి వచ్చింది. ఆ తర్వాత వందేళ్ళకు, 1880ల్లో, స్వీడన్ ఆర్కిటెక్ట్ హెల్గో సెట్టర్‌వాల్ దీన్ని బాగుచేశాడు. గోపురాల ఎత్తు పెంచింది అప్పుడే. అదే కాలంలో ఎస్టేటుకు సొంత కరెంటు, సొంత రైలు పట్టా కూడా వచ్చాయి. మరి నా మోడల్ ఏ ఏడాదిది? మంత్రి యోహాన్ ఫ్రీస్ 1538లో కట్టిన హెస్సెలేయర్‌గోర్ ఇక్కడికి తూర్పున, సముద్రం వైపు ఉంది. అదీ ఇలాంటి కోట ఇల్లే, కానీ దాని శిఖరాలు వెనిస్ తరహాలో గుండ్రంగా ఉంటాయి. దాన్ని చూసి ఎగెస్కోవ్ పాత రూపం ఊహించి కడదామా అనుకున్నాను. వద్దనుకున్నాను. నేను జులైలో చూసి నిలబడిపోయిన ఇల్లు సెట్టర్‌వాల్ ముట్టుకున్న ఇల్లు. మోడల్ కూడా దాన్నే. ఒక ఇల్లు ఇన్నేళ్ళు బతికితే అన్ని కాలాల చేతులూ దాని మీద పడతాయి. ఒకటి తుడిచేసి ఇంకొకటి ఉంచడం నాకు సరిగ్గా అనిపించలేదు.

జపాన్‌లో, హొక్కయిడోలోని నొబొరిబెత్సులో, ఎగెస్కోవ్ నమూనాలో పూర్తి సైజు భవనం కట్టి అక్వేరియంగా నడుపుతున్నారు. అది తెలిసినప్పటి నుంచి, నాలాగే ఎక్కడో ఎవరో ఈ గోపురాల వాలు లెక్కవేసి ఉంటారన్న ఆలోచన ధైర్యం ఇస్తోంది.

అగ్గిపుల్ల చెక్కమనిషిని ఆ రాత్రే కప్పు కింద పడుకోబెట్టాను. దూది ముక్క దిండుగా పెట్టాను.

మే రెండో వారం

నీళ్ళు పోసే రోజు.

చెరువు లోతు ఐదు మీటర్లంటే నాకు ఐదు సెంటీమీటర్ల రెసిన్, పోశాక గాజులా గట్టిపడే ద్రవం. అంతా ఒకేసారి పోస్తే గట్టిపడేటప్పుడు వేడెక్కి పగులుతుంది. సెంటీమీటరు చొప్పున ఐదు పొరలు, పొరకు పొరకు మధ్య ఒక రోజు. ముందువైపు అద్దం పెట్టాను, అడుగున ఉన్న అగరుబత్తి పుల్లలు కనిపించాలని. కింది పొరలో గోధుమ రంగు రెండు చుక్కలు కలిపాను. ఆ చెరువు నీళ్ళు నీలంగా ఉండవు.

రెండో పొరకు టెన్షన్ పట్టుకుంది. అద్దం మూలలోంచి సన్నగా కారడం మొదలైంది. వెంటనే టేపు వేసి, బయటి నుంచి వేడి జిగురు పట్టించాను. ఆగింది. బల్ల మీద మరక మాత్రం పడింది.

ఐదో పొరకు నాన్నను వీడియోలో కూర్చోబెట్టాను. పోయబోతుంటే ఆపారు. "లెవెల్ చూశావా? ఇది నీళ్ళు కాదే, గడ్డకడుతుంది. ఇల్లు తిన్నగా ఉండి నీళ్ళు వంకరగా ఉంటే పాపం, ఇల్లే వాలినట్టుంటుంది." లెవెల్ ట్యూబు లేదు. గ్లాసులో నీళ్ళు పోసి నాలుగు మూలలా పెట్టి చూశాను. ఒక మూల అట్టముక్క ఒకటి పెట్టాల్సి వచ్చింది. అప్పుడు పోశాను. ఆఖరి చుక్కలు పుల్లల తలలు దాటి, గోడ కింది వరస దాకా వచ్చి ఆగాయి. తలలన్నీ మునిగాయి.

నాన్న ఫోను తెరకు దగ్గరగా ముఖం పెట్టి చూశారు. తర్వాత రెండు ఇళ్ళనూ పక్కకు జరపమన్నారు. జరిపాను. మధ్య గోడ ఒంటరిగా నిలబడింది, లోపల బావి, మెట్లు. "ఆ మెట్లు కింద దాకా ఉన్నాయా?" అన్నారు. ఉన్నాయని చెప్పాను. "బయటకు దారి?"

లేదు. అసలు ఇంట్లో ఆ మెట్లు ఎక్కడ తేలతాయో నాకు తెలిసినంత వరకే పెట్టాను. కానీ నాన్న అడిగాక, మధ్య గోడ చివర నీటి మట్టానికి ఒక వరస పైన, ఇటుక సైజు కిటికీ ఒకటి కోశాను. ఇది అసలు ఇంట్లో లేదు, నేను కలిపింది. మోడల్ అడుగున చీటీ అంటించి ఆ మాట రాసి పెట్టాను.

ఇంకా మిగిలింది: రెండు మూల గోపురాలు మళ్ళీ చేయడం, మెట్ల గోపురం మీది కోసు, వంతెన. రెసిన్ పూర్తిగా గట్టిపడటానికి మూడు రోజులు. అప్పటిదాకా బల్లను ఎవరూ తాకకుండా గది తలుపు వేసి ఉంచాను.